స్ప్రింగు ఎయిర్ రైఫిల్: డబ్బా మీది అంకె చెప్పని సంగతులు

ఎయిర్ రైఫిల్ కొనబోయేవారి కంట ముందుగా పడేది డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చేసిన వేగం. ఒక డబ్బా మీద సెకనుకు 1000 అడుగులనీ, పక్క డబ్బా మీద 780 అడుగులనీ ఉంటే మొదటిదే బలమైనదని ఎవరైనా అనుకుంటారు. అయితే ఆ వేగాన్ని ఎంత బరువున్న పెల్లెట్‌తో, అంటే రైఫిల్ పేల్చే చిన్న గుండుతో, కొలిచారో తెలియనిదే ఆ అంకెకు అర్థం లేదు. 0.33 గ్రాముల తేలికపాటి మిశ్రమలోహపు పెల్లెట్ 1000 అడుగుల వేగంతో, అంటే సెకనుకు దాదాపు 305 మీటర్ల వేగంతో బయటికి వస్తే దాని శక్తి 15.3 జౌళ్ళు. 0.545 గ్రాముల మామూలు సీసపు పెల్లెట్ 780 అడుగుల వేగంతో, అంటే దాదాపు 238 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 15.4 జౌళ్ళు. రెండు డబ్బాల్లోనూ ఉన్నది ఇంచుమించు ఒకే బలం గల రైఫిల్. పైగా తేలిక పెల్లెట్‌ను ధ్వని వేగం దరిదాపులకు తోలితే అది గాలిలో ఊగిసలాడి గురి చెదురుతుంది, దూరం పెరిగేకొద్దీ సీసపు పెల్లెట్ కంటే త్వరగా వేగం కోల్పోతుంది.

స్ప్రింగు రైఫిల్‌ను ఎంచుకోవడంలోనూ, విప్పి మెరుగుపరచడంలోనూ, పాతవాటిని సేకరించడంలోనూ జరిగే పొరపాట్లు చాలావరకు ఈ అంకె దగ్గరే మొదలవుతాయి. ఈ యంత్రంలో వెతకవలసిన మొదటి గుణం నిలకడ; పదిసార్లు పేలిస్తే పదిసార్లూ అది ఒకే తీరుగా కదలాలి. బలం ఆ తర్వాతి మాట. ఎందుకో తెలియాలంటే ట్రిగ్గర్ నొక్కాక లోపల ఏం జరుగుతుందో చూడాలి.

సైకిలు పంపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి ఒక్కసారిగా పిడిని నొక్కితే వేలి కింద గాలి బిగుసుకుని వేడెక్కుతుంది. స్ప్రింగు రైఫిల్ చేసే పని కూడా అదే; కాకపోతే పిడిని నొక్కేది చెయ్యి కాదు, బలమైన ఉక్కు స్ప్రింగు. బ్యారెల్‌ను కిందికి వంచినప్పుడో, అడుగున గానీ పక్కన గానీ ఉన్న లివరును లాగినప్పుడో పిస్టన్ వెనక్కి వెళ్ళి, స్ప్రింగును అణచి, ట్రిగ్గర్ కొక్కేనికి చిక్కుకుని ఆగుతుంది. దీన్నే కాక్ చేయడం అంటారు. ట్రిగ్గర్ నొక్కగానే కొక్కెం తప్పుకుంటుంది, పిస్టన్ ముందుకు దూకుతుంది, దాని ఎదుట ఉన్న గాలి మొత్తం కొన్ని మిల్లీమీటర్ల సందులోకి అణిగిపోయి వందల డిగ్రీల వేడికి చేరుతుంది. ఆ గాలి ఒక సన్నని రంధ్రం గుండా బ్యారెల్‌లోకి చొరబడి పెల్లెట్‌ను తోస్తుంది. స్ప్రింగులో దాచిన శక్తిలో పెల్లెట్‌కు అందేది మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే. మిగిలినది వేడిగా, రాపిడిగా, శబ్దంగా, కుదుపుగా ఖర్చయిపోతుంది.

ఆ కుదుపే అసలు చిక్కు. మందుగుండు తుపాకీ వెనక్కి తన్నుతుంది, అంతటితో అయిపోతుంది. స్ప్రింగు రైఫిల్ రెండు దిక్కులా తన్నుతుంది. పిస్టన్ ముందుకు దూకుతున్నప్పుడు రైఫిల్ వెనక్కి జరుగుతుంది. ఆ పిస్టన్ బిగిసిన గాలి మీద ఆగి, ఒకింత వెనక్కి ఎగిరి, మళ్ళీ ముందుకు కుదురుకునే సమయంలో రైఫిల్ ముందుకు గుంజుతుంది. కొక్కెం విడిచినప్పటి నుంచి పెల్లెట్ బయటపడే దాకా పట్టే కాలం సెకనులో వందో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. చూపుకు అందని ఆ కాస్త కాలంలో రైఫిల్ కదలడం మొదలైపోతుంది, పెల్లెట్ మాత్రం ఇంకా గొట్టంలోనే ఉంటుంది. అందుకే ఈ రైఫిల్‌ను బిగించి పట్టుకుంటే గురి చెడుతుంది. ముందు చేతి అరచేతిని చాపి, ప్రతిసారీ రైఫిల్ చెక్క భాగమైన కర్ర మీద ఒకే చోట ఆనించి, దాని కదలికను దానికి వదిలేయడమే అనుభవజ్ఞుల పద్ధతి. ఇటుక మీదో బల్ల అంచు మీదో ఆనించి పేలిస్తే అదే రైఫిల్, అవే పెల్లెట్లు, గుండ్లు మాత్రం వేరే చోట పడతాయి. కొత్తగా కొన్నవారు రైఫిల్ మీద వేసే నిందలో సగం ఈ పట్టుకే చెందుతుంది.

ఈ కుదుపును అణచడానికి ఇంజినీర్లు పట్టిన దారులు ముచ్చటైనవి. జర్మనీలోని రాస్టాట్ పట్టణంలో 1890లో మొదలైన డయానా సంస్థ, కుర్ట్ గిస్ రూపొందించిన జంట పిస్టన్ల పద్ధతిని తన పోటీ రైఫిళ్ళలో వాడింది. ఒక పిస్టన్ ముందుకు దూకి గాలిని అణుస్తుంటే, పళ్ళ చక్రంతో దానికి జతపడిన రెండోది అదే క్షణంలో వెనక్కి దూకి కుదుపును రద్దు చేస్తుంది. మరో జర్మన్ సంస్థ ఫైన్‌వెర్క్‌బౌ వేరే దారి పట్టింది. దాని 300 శ్రేణి రైఫిల్లో లోహభాగం అంతా కర్రలో అమర్చిన పట్టాల మీద జారుతుంది గనుక భుజానికి కుదుపు తెలియదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1966లో ప్రపంచ షూటింగ్ చాంపియన్‌షిప్‌లోకీ, 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకీ వచ్చింది. అప్పటికే స్ప్రింగు స్థానంలోకి ముందుగా అణచి ఉంచిన గాలితో నడిచే రైఫిళ్ళు అడుగుపెడుతున్నాయి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలుచుకున్న నాటికి ఈ పోటీలో స్ప్రింగుకు చోటే లేదు. పోటీ మైదానం వదిలిపోయినా స్ప్రింగు రైఫిల్ బతికే ఉంది. గాలి నింపిన సిలిండరు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. పెట్టెలోంచి తీసి, పెల్లెట్ పెట్టి, నేరుగా పేల్చుకోవచ్చు.

మెరుగుపరచడం అనే కళ బ్రిటన్‌లో అంత లోతుగా ఎందుకు పెరిగిందో అర్థం కావాలంటే అక్కడి చట్టం తెలియాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 12 ఫుట్ పౌండ్లు, అంటే దాదాపు 16.3 జౌళ్ళు దాటని ఎయిర్ రైఫిల్‌కు సర్టిఫికెట్ అవసరం లేదు. దాటితే అది తుపాకీల చట్టం కిందికి వస్తుంది. స్కాట్లాండ్‌లో మాత్రం 2016 డిసెంబరు 31 నుంచి ఆ లోపు వాటికి కూడా లైసెన్సు కావాలి. జర్మనీలో హద్దు ఇంకా తక్కువ, 7.5 జౌళ్ళు, ఆ లోపు ఉన్న రైఫిల్ మీద పంచభుజి గడిలో ఎఫ్ అక్షరం చెక్కి ఉంటుంది. హద్దు దాటకూడదన్నప్పుడు మెరుగుపరిచేవారికి మిగిలిన పని ఒక్కటే, ఉన్న బలాన్ని వీలైనంత నునుపుగా రాబట్టడం. నేడు లోకమంతా అనుసరించే స్ప్రింగు రైఫిల్ మెరుగుదల పద్ధతుల్లో పెద్ద భాగం ఆ ఇరుకులోంచే పుట్టుకొచ్చింది.

మన దేశంలో 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్ శక్తి 20 జౌళ్ళు మించినా, బోరు (గొట్టం లోపలి వ్యాసం) 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్సు తప్పనిసరి. బలం పెంచాలని గట్టి స్ప్రింగు వేయించుకునేవారు గుర్తుంచుకోవలసింది, దుకాణంలో లైసెన్సు అడగని రైఫిల్ ఆ మార్పుతో లైసెన్సు కావలసిన ఆయుధంగా మారిపోవచ్చన్నది. పిట్టల మీద గురిపెట్టడం అన్నది వేరే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తుపాకీలో గాలి ఉందా, మందు ఉందా అని చూడదు. ఎయిర్ గన్ అంటే పిట్టల తుపాకీ అన్న పాత అలవాటు ఎంత నష్టం చేసిందో అరుణాచల్ ప్రదేశ్ చూపించింది. వేట తాకిడికి అడవుల్లో పక్షులు తగ్గిపోతుంటే, 2021 మార్చిలో అక్కడి ప్రభుత్వం ఎయిర్ గన్లను స్వచ్ఛందంగా అప్పగించే ఉద్యమాన్ని మొదలుపెట్టింది. కాగితపు లక్ష్యం, ఇనుప పలక, వెనుక గట్టి అడ్డు ఉన్న సొంత స్థలం, ఇవి లేనిచోట ఈ అభిరుచికి తావు లేదు.

ఇక విప్పడం సంగతి. స్ప్రింగు రైఫిల్‌ను విప్పేటప్పుడు మరవకూడనిది, కాక్ చేయకపోయినా స్ప్రింగు కొంత అణిగే ఉంటుందన్నది. జర్మనీకి చెందిన వైరౌక్ సంస్థ రైఫిళ్ళు చాలావాటిలో స్ప్రింగును వెనుక నుంచి ఆపే దిమ్మ మరలతో బిగిసి ఉంటుంది గనుక అది మెల్లగా వదులవుతుంది; డయానా రైఫిళ్ళలో అడ్డంగా దూర్చిన పిన్నులు తీసిన క్షణానే దిమ్మ ఎగిరిపడుతుంది. అందువల్ల స్ప్రింగును అదిమిపట్టే చట్రం లేనిదే పిన్ను మీద సుత్తి పెట్టకూడదు. ఈ విషయంలో తొందరపడి పళ్ళూ వేళ్ళూ పోగొట్టుకునే ప్రమాదం నిజమైనది.

లోపల చూస్తే, బాగా లేని రైఫిల్ తన కథ తానే చెబుతుంది. స్ప్రింగును చదునైన గాజు పలక మీద దొర్లిస్తే వంకర పోయినది గెంతుతూ దొర్లుతుంది. స్ప్రింగు లోపల ఉండే ఊచను గైడ్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఈ రెండింటి మధ్య తరచుగా వదులు ఉంటుంది. పేల్చాక టంగుమని వీణ తీగ మీటినట్టు వినిపించే శబ్దం పుట్టేది ఆ వదులులోనే: విడివడిన స్ప్రింగు గైడ్‌కూ పిస్టన్ గోడకూ కొట్టుకుంటూ వణుకుతుంది. డెల్రిన్ వంటి గట్టి ప్లాస్టిక్‌ను లేత్ మీద తిప్పి, స్ప్రింగులోకి తిప్పుతూ నెడితే గానీ ఎక్కనంత బిగుతుగా కొత్త గైడ్ చేయించి పెడితే ఆ శబ్దం పోతుంది. రైఫిల్ వేగం ఒక్క అడుగు కూడా పెరగకపోవచ్చు, కానీ పేల్చినప్పుడు అది ఒక్క పొట్టి, మొద్దు చప్పుడుతో ఆగుతుంది. ఆ తేడాను ఒకసారి చేత్తో తెలుసుకున్నవారు మళ్ళీ వేగం అంకెల వెంట పడటం అరుదు.

పిస్టన్ తలకు ఉండే సీలును మనవాళ్ళు వాషరు అంటారు. పాతవాటిలో అది తోలుది, కొత్తవాటిలో పాలియురేథేన్ వంటి ప్లాస్టిక్‌ది. పిస్టన్ కదిలే గొట్టానికి, అంటే సిలిండరుకు, ఉన్న చీలికల అంచులు పదునుగా మిగిలిపోతే, కొత్త వాషరు లోపలికి వెళ్ళేటప్పుడే వాటికి తగిలి కోసుకుపోతుంది; వాషరు మారిస్తే బలం ఇంకా తగ్గిందన్న ఫిర్యాదుకు సాధారణంగా కారణం అదే. సన్నని ఎమరీ కాగితంతో ఆ అంచులను వేలికి తగలనంతగా నునుపు చేయడం ఈ పనిలో అన్నిటికంటే చవకైన, ఫలితం ఎక్కువున్న దశ. లోహం మీద లోహం జారే చోట మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన గ్రీజు పలచగా, స్ప్రింగు మీద జిగురుగా ఉండే గ్రీజు ఇంకా పలచగా పూస్తారు. పలచగా అన్న మాటను ఇక్కడ ఎంత నొక్కి చెప్పినా తక్కువే. వాషరు ముందుకు చేరిన నూనె లేదా గ్రీజు ఆ వందల డిగ్రీల వేడికి మండుతుంది. మూతి దగ్గర పొగ, మాడు వాసన, పిడుగులాంటి చప్పుడు వస్తాయి, ఆ గుండు మిగతావాటికంటే పైకి పడుతుంది. బలం పెరిగిందని సంబరపడేవారున్నారు గానీ, ఆ పేలుడు వాషరునూ స్ప్రింగునూ తినేస్తుంది. ప్లాస్టిక్ వాషరుకు సాధారణంగా నూనె అక్కర్లేదు. తోలుదానికి మాత్రం తడి ఉండాలి, ఎండితే ముడుచుకుపోయి గాలి వదిలేస్తుంది.

బిగుతు కోసం స్ప్రింగు వెనుక ఉక్కు బిళ్ళలు పేర్చుకుంటూ పోవడం చాలామంది చేసే తప్పు. కొంతవరకు అది వేగం పెంచుతుంది. ఆపైన పిస్టన్ గాలి మెత్త మీద ఆగకుండా సిలిండరు చివరను గుద్దుకుంటుంది, కుదుపు పెరుగుతుంది, కాక్ చేయడం కష్టమవుతుంది, స్ప్రింగు త్వరగా విరుగుతుంది. పెల్లెట్ లేకుండా పేలిస్తే జరిగేదీ ఇదే. అడ్డు లేని గాలి ఒక్కసారిగా పారిపోవడంతో పిస్టన్‌ను ఆపేదేమీ ఉండదు. పని సరిగా జరిగిందో లేదో చెవి కొంతే చెప్పగలదు, మిగతాది వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ చెప్పాలి. ఒకే డబ్బాలోని పది పెల్లెట్లకు వచ్చే వేగాల్లో గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడా సెకనుకు మూడు నాలుగు మీటర్లలోపు ఉంటే అది కుదురుకున్న రైఫిల్. పది మీటర్లు దాటితే సగటు వేగం ఎంత గొప్పగా ఉన్నా లోపల ఏదో లోపం ఉంది.

ఎంపిక దగ్గరికి వస్తే, బ్యారెల్ వంచే రకానికీ బ్యారెల్ కదలని రకానికీ మధ్య వాదన పాతదే. బ్యారెల్ వంచే రకం తేలిక, చవక, పెల్లెట్ పెట్టడం సులువు. దానిలో నిలకడంతా కీలు దగ్గరే ఉంటుంది. పూర్తిగా కాక్ చేశాక బ్యారెల్‌ను సగం మూసి చెయ్యి వదిలితే అది తన బరువుకు జారిపోకుండా ఆ కోణంలోనే నిలబడాలి. జారిపోతే కీలు బోల్టు వదులని అర్థం. వైరౌక్ హెచ్‌డబ్ల్యూ 77 వంటి అడుగు లివరు రైఫిల్లో బ్యారెల్ సిలిండరుకు శాశ్వతంగా బిగిసి ఉంటుంది, అందుకే 1980లలో బ్రిటన్‌లో ఊపందుకున్న ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో (ఆరుబయట వేర్వేరు దూరాల్లో ఉంచిన లోహపు లక్ష్యాలను కొట్టే పోటీలు) అది అంత పేరు తెచ్చుకుంది. బదులుగా బరువు పెరుగుతుంది, జరిగే సిలిండరు ఎదుట వేలు పెట్టి పెల్లెట్ అమర్చాలి గనుక లివరును రెండో చేత్తో పట్టి ఉంచే అలవాటు తప్పదు. మొదటి రైఫిల్‌గా మధ్యస్థ బలమున్న, బ్యారెల్ వంచే రకమే మేలు. కాక్ చేయడానికి ఒళ్ళు అలిసిపోయే రైఫిల్‌తో ఎవరూ రోజుకు వంద పెల్లెట్లు కాల్చరు, కాల్చనివారికి పట్టు కుదరదు.

బలం కంటే ముందు చూడవలసింది ట్రిగ్గర్‌ను. రెండు మెట్లుగా కదిలి, రెండో మెట్టు దగ్గర వేలికి స్పష్టంగా తగిలి, అక్కడ కొద్ది బరువుకే విడిపోయే ట్రిగ్గర్ ఉంటే సగం గురి కుదిరినట్టే. వైరౌక్ సంస్థ 1950ల నుంచి వాడుతున్న రెకార్డ్ ట్రిగ్గర్ ఇన్ని దశాబ్దాలుగా మారకుండా నిలబడిందంటే కారణం ఇదే. గురి చూసే అద్దం, అంటే స్కోపు, బిగించేవారు మామూలు తుపాకీ స్కోపు పెట్టకూడదు. ముందుకు గుంజే ఎదురు కుదుపుకు దాని లోపలి కటకాలు వదులవుతాయి, పట్టీలు కొద్దికొద్దిగా వెనక్కి జారతాయి. తిరునాళ్ళలో బెలూన్లు కాల్చే దుకాణాల తుపాకులు దీనికి మరో కోణం చూపుతాయి. అవి కూడా ఈ స్ప్రింగు రకానివే. సాయంత్రమంతా వందల చేతులు మారి, కీలు అరిగి, స్ప్రింగు అలిసిపోయినా మూడు నాలుగు మీటర్ల దూరంలోని బెలూన్‌కు సరిపోతున్నాయి. దగ్గరి లక్ష్యం తప్పులను కప్పేస్తుంది, 25 మీటర్ల కాగితం బయటపెడుతుంది.

సేకరించేవారి దారి ఇక్కడే వేరవుతుంది. బర్మింగ్‌హామ్‌కు చెందిన లింకన్ జెఫ్రీస్ 1904లో పేటెంట్ పొందిన అడుగు లివరు రైఫిల్‌ను బీఎస్ఏ (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్) కర్మాగారం తయారుచేసింది; నేటి అడుగు లివరు రైఫిళ్ళలో చాలావాటికి అది పూర్వికురాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డయానా యంత్రాలు స్కాట్లాండ్‌లోని మదర్‌వెల్‌లో ఉన్న మిల్‌బ్రో సంస్థకు చేరాయి, పేరు కూడా వాటితోనే వెళ్ళింది. దాంతో కొన్ని దశాబ్దాలపాటు బ్రిటన్‌లో డయానా అన్న ముద్రతో అమ్ముడైనవి స్కాట్లాండ్ రైఫిళ్ళు. రాస్టాట్‌లో తయారైన అసలు జర్మన్ రైఫిళ్ళు అక్కడ ఒరిజినల్ అన్న పేరుతో వచ్చాయి. ముద్రను మాత్రమే చదివి కొనేవారు ఈ రెంటినీ కలగాపులగం చేసుకుంటారు. అదేవిధంగా వైరౌక్ హెచ్‌డబ్ల్యూ 80, అమెరికాలో బీమన్ ఆర్1 పేరుతో అమ్ముడైనది, లోపల ఒకటే.

పాత రైఫిల్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట చూడవలసినవి స్క్రూ తలలు. గాట్లు చెదిరి, అంచులు లేచి ఉంటే సరైన స్క్రూడ్రైవరు లేనివారు దాన్ని విప్పారని తెలుస్తుంది. లోపల ఏ భాగమూ మొదటిది కాకపోవచ్చు. కర్రకు ముందు స్క్రూల దగ్గర వెంట్రుకంత పగుళ్ళున్నాయేమో వెలుగుకు వంచి చూడాలి. బ్యారెల్ చేరే చోట సన్నని టిష్యూ కాగితపు ముక్క ఆనించి, పెల్లెట్ పెట్టి సురక్షితమైన దిక్కుకు పేలిస్తే, కాగితం ఎగిరితే అక్కడి సీలు గాలి వదులుతోందని అర్థం; అది చవకగా పోయే లోపమే. ఫైన్‌వెర్క్‌బౌ 124 వంటి రైఫిళ్ళలో అప్పటి ప్లాస్టిక్ వాషరు కాలం గడిచేకొద్దీ దానంతట అదే పొడిపొడిగా రాలిపోతుంది. బయట మెరుగు చెదరకుండా, పేలిస్తే బలం లేకుండా కనిపించే 124 దొరికితే అది పాడైన తుపాకీ అని బేరం వదులుకోనవసరం లేదు; వాషరు మార్చితే తిరిగి లేస్తుంది.

ఉక్కు మీది నల్లబడిన నీలి పూతను రుద్ది కొత్తగా వేయించడం మాత్రం సేకరణలో చేయకూడని పని. ఆ పూతలోని అరుగుదల, కర్ర మీది చెయ్యి జాడ ఆ రైఫిల్ వయసుకు సాక్ష్యాలు. ఒకసారి రుద్దితే అవి తిరిగి రావు. వాడకానికి అవసరమైన మార్పు లోపలి భాగాల్లో, తిరిగి వెనక్కి తిప్పగలిగేలా చేసుకోవాలి. కొత్త స్ప్రింగు, కొత్త గైడ్ బిగించినప్పుడు తీసిన పాత స్ప్రింగును, తోలు వాషరును, ఆఖరికి వంగిన పిన్నును కూడా నూనె గుడ్డలో చుట్టి, ఏ రైఫిల్‌వో సీరియల్ నంబరు, విప్పిన తేదీ రాసిన చీటీ కట్టి, ఆ రైఫిల్ పెట్టెలోనే ఉంచుతారు మంచి సేకర్తలు. తర్వాత దాన్ని కొనేవారికి ఆ చిన్న మూట రైఫిల్ ధరలో భాగమే.